నోటికి బ్రేకు లేని ఉరుకుందు

జనవరి 15

నిన్న ఎమ్మిగనూరు జాతరలో ట్రాక్టర్ రివర్స్ పోటీకి పొద్దుగూకే దాకా మైకు నాదే. ఈరోజు గొంతు పూర్తిగా పోయింది. మా ఆవిడ కవిత మిరియాల కషాయం కాచి ఇచ్చి జిన్నింగ్ మిల్లుకు పనికి పోయింది. మాట్లాడలేను కాబట్టి రాస్తున్నాను.

పోటీ మొదలయ్యే ముందు నియమాలు చెప్పడం నా పద్ధతి. ట్రాలీ తగిలించిన ట్రాక్టరును వెనక్కి నడపాలి, రెండు సున్నపు గీతల మధ్య, మెలికలు తిరిగిన దారిలో. టైరు గీతను తాకితే అక్కడ నిలబడిన మనిషి ఎర్రజెండా ఎత్తుతాడు, నేను మైకులో చెబుతాను, ఆ బండి పని అయిపోయినట్టే. తాకకుండా అందరికంటే త్వరగా చివరికి చేరినవాడు గెలుస్తాడు. నిన్న 'సర్పాకారమైన పథం' అని కూడా అన్నాను. ఇంటర్‌లో మా తెలుగు సారు వింటే భుజం తట్టేవాడు. జనంలో ఒక్కడు కూడా శనక్కాయలు ఒలవడం ఆపలేదు.

గెలిచింది నందవరం వైపు నుంచి వచ్చిన ఉరుకుందు. బహుమతి తీసుకున్నవాడు దండం పెట్టి దిగిపోవాలి. వాడు నా చేతిలో మైకు లాక్కున్నాడు.

"అందరికీ దండాలప్పా. గెలిసినందుకు సంతోసమే గానీ ఒక మాట సెప్తా. పొద్దున ఆ మెలిక కాడ గీతలు ఎడల్పుగా ఉండె. కమిటీ వాల్ల బామ్మర్ది బండి పోయినంక సన్నగ అయినాయి. సున్నం ఎవురు సల్లినారో వాల్లకే తెలుసు. సన్న గీతల్లో తోలమన్నారు, తోలినా. ఇంగా సన్నగ సేస్తే ఈసారి సైకిలు తెస్తా."

ఈలలు, కేకలు, తలగుడ్డలు గాలిలోకి ఎగరడం. పొద్దున్నుంచి గొంతు చించుకున్న నాకు ఒక్కరి చప్పట్లూ లేవు.

నాకు అసూయ ఏమీ లేదు. ఒకరి చేతిలోని మైకు లాక్కోవడం మర్యాద కాదంటున్నాను, అంతే.

జనవరి 17

వాడి మాటల వీడియో ఆదోని అంతా తిరుగుతోందట. మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్ళందరూ చూశారని కవిత చెప్పింది. ఫోను నా ముందు పెట్టి, "సివర్లో నీ గొంతు కూడా వినపడ్తాది సూడు" అంది.

చివర్లో వినపడేది నిజంగా నేనే. "దయచేసి మైకు ఇవ్వండి" అంటున్నాను.

జనవరి 26

బట్టల దుకాణం వాళ్ళు ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పుతున్నారు. గొంతు నాదే, పోయిన ఏడాది రికార్డు చేసుకున్నది. మళ్ళీ పిలవాల్సిన పని వాళ్ళకు లేదు. నేను మార్కెట్ దగ్గర నిలబడి ఉంటే నా గొంతే నన్ను దాటుకుంటూ పోయింది. ఇక నాకు మిగిలింది పోటీల మైకు ఒక్కటే.

ఫిబ్రవరి 4

పెద్దకడుబూరులో పోటీ. ఉరుకుందు బండి గీతల దగ్గరకు వస్తుంటే వాడికి తగిలేలా ఒక మాట అనాలనిపించింది. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న మాటే. "ఇప్పుడు మన ముందుకు వస్తున్నాడు, నోటికి బ్రేకు లేని ఉరుకుందు" అన్నాను.

జనం నవ్వారు. వాడు కూడా నవ్వాడు. నా వైపు చెయ్యి ఊపి హారన్ మోగించాడు. తర్వాత ఎప్పటిలాగే గెలిచాడు, ఎప్పటిలాగే ఎవరినో నిలబెట్టి కడిగేశాడు.

తిట్టు అని తెలియని మనిషిని తిట్టి ఏం లాభం.

ఫిబ్రవరి 12

ఆ తిట్టును ట్రాలీ వెనక రాయించుకున్నాడు. ఎర్రరంగు మీద పసుపు అక్షరాలు. ఎమ్మిగనూరు నుంచి ఆదోని మార్కెట్‌కు పత్తి తెస్తూ, నాకు చూపించాలని బండిని మా సందులోకి వెనక్కి తెచ్చాడు. మా సందులో ఆటో తిరగడమే కష్టం. గోడలకు గీటు పడలేదు.

"పేరు పెట్టినోడివి నువ్వు యేసేపన్నా. మా నాయన పెట్టిన పేరు కన్నా ఇదే బాగుండాది. కర్ణాటకలో కూడా సదువుకుంటా నగుతాండారు."

కవిత బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టింది. వాడు మూడుసార్లు వేయించుకుని తిని, ప్రతిసారీ ఏదో ఒకటి అన్నాడు, ఆమె ప్రతిసారీ నవ్వింది. అద్దం చూడకుండా ఎట్లా తోలుతావని అడిగింది.

"అద్దం సూస్తే అయిపాయ వదినా. టైరు యాడుండాదో వీపుకు తెలుస్తాది. అందుకే కమిటీ వాల్లతో కొట్లాడేది. తాకలేదని నా వీపు సెప్తే నేను ఎవురి మాటా ఇనను. తాకిందని సెప్తే జెండా ఎత్తకపోయినా నేనే దిగిపోతా. ఆస్పరిలో దిగిపోలేదా అన్నా, నువ్వు సూసినావు గదా?"

చూశాను. రెండేళ్ళ కిందట, గెలిచే పోటీలో, ఎవరూ చూడని తప్పును తనే చెప్పి దిగిపోయాడు. నేను దాన్ని మైకులో పెద్దగా చెప్పలేదు.

పోతూ పోతూ ఒక మాట అన్నాడు. "ఈ పోటీల్లో నేను నమ్మేది నీ మైకునొక్కదాన్నే అన్నా. ఉన్నదున్నట్ల సెప్తావు."

ఫిబ్రవరి 13

పెళ్ళయిన నాటి నుంచి కవిత నా మాటకు అట్లా నవ్విన గుర్తు లేదు.

మార్చి 3

కోసిగి కమిటీ వాళ్ళు ఈ ఏడాది ఉరుకుందును పిలవబోమని చెప్పేశారట. వాళ్ళ సర్పంచిని ఏదో అన్నాడు. ఊళ్ళలో ఇప్పుడు రెండు పార్టీలు. "ఉన్న మాట అంటాడు, మగోడు" అని కొందరు, "పొగరు, ఓడిపోవడం చేతకాదు" అని కొందరు. రెండో మాట నేనే టీ హోటల్లో ఒకరిద్దరి దగ్గర అన్నాను. మొన్న మంత్రాలయం బస్సులో ఎవరో అదే మాట నాకే చెప్పారు. మాట అచ్చం నాదే. కనీసం అదొక్కటి వాడి కంటే వేగంగా తిరిగింది.

మార్చి 21

పాండురంగయ్య సావుకారి కబురు పంపాడు. మార్కెట్‌లో పత్తి కమీషన్ వ్యాపారం చేసే ఆయనే ఆదోని పోటీ జరిపించేది. ఉగాదికి మోటార్ సైకిల్ బహుమతి పెట్టాడు.

"యేసేపూ, నీ గొంతుకు వంక పెట్టను. అయితే ఈసారి కొంచెం తక్కువ మాట్లాడు. ఉరుకుందు గెలుస్తాడు, గెలిచినంక మైకు వాని చేతికి ఇచ్చేయి. జనం దానికోసరమే వస్తాండారు."

"సరే సావుకారీ" అన్నాను. ఇంటికి వచ్చి అన్నం పక్కకు నెట్టి ఇది రాస్తున్నాను. సువార్త సభల్లో మొదలైన గొంతు నాది. ఇరవై ఏళ్ళుగా ఈ తాలూకాలో నా గొంతు లేకుండా జాతర జరగలేదు. ఇప్పుడు నేను మైకును మోసి వాడి చేతికి అందించే మనిషిని.

అవును, కడుపు మండుతోంది. ఇక్కడ కూడా అబద్ధం రాసుకోవడం దేనికి.

ఉగాది రోజు

జెండా లేచింది. నేను చెప్పాను. అంతే జరిగింది. ముందు ఆ మాట రాసిపెట్టి మిగతాది రాస్తాను.

ఉరుకుందు అందరికంటే చివర వచ్చాడు. అప్పటికి ఆలూరు వాడు ముందున్నాడు. ఉరుకుందు మొదటి రెండు మెలికలు తిరిగేసరికే ఆలూరు వాడి ముఖం వాడిపోయింది. స్టీరింగు మీద ఒక్క చెయ్యి, రెండో చెయ్యి తొడ మీద. మెడ తిప్పడు, అద్దం చూడడు. జనం అప్పుడే "మైకు, మైకు" అని అరవడం మొదలుపెట్టారు. బండి చివరికి చేరకముందే వాడి మాటల కోసం అరుస్తున్నారు. నేను మైకు తీగను చేతికి చుట్టుకుని నిలబడ్డాను.

మిగిలింది చివరి మెలిక. అక్కడ నేల కొంచెం పల్లంగా ఉంటుంది. జెండాతో లక్ష్మప్ప ఉన్నాడు. దుమ్ము లేచింది. "తాకింది" అన్నాను. "గీత తాకింది, ఉరుకుందు పోటీ నుంచి నిష్క్రమించాడు."

బండి ఆగింది. వాడు సీటు మీద లేచి నిలబడి నా వైపు చూశాడు. ఇప్పుడు తిడతాడు, మా అమ్మను, అయ్యను ఎత్తుతాడు, వేదిక ఎక్కుతాడు, సావుకారి వాణ్ని ఇంకెప్పుడూ పిలవడు అనుకున్నాను. "కొట్లాడు ఉరుకుందూ, ఇడ్సద్దు" అని జనం రెచ్చగొట్టారు. కొట్లాడితే టైరు చూస్తారు, సున్నం అంటిందో లేదో తేలుతుంది.

వాడు కొట్లాడలేదు. నన్ను చూస్తూ తల ఊపాడు. కూర్చుని బండిని ముందుకు తీసి గీతల మీదుగానే బయటికి తోలుకుపోయాడు. టైర్లన్నీ తెల్లగా అయిపోయాయి. ఇక చూడడానికి ఏమీ లేదు.

ఆలూరు వాడికి మోటార్ సైకిల్ ఇచ్చారు. వాడికి మైకు ఇస్తే, "నమస్కారం" అని దిగిపోయాడు. మిగతా మాటలన్నీ నేనే మాట్లాడాను.

ఉగాది మరునాడు

కవిత నిన్న జనంలో ఉంది. గిన్నెలు కడుగుతూ అడిగింది.

"నువ్వు అన్నంకనే గదా జెండా లేసింది?"

"నీకేం తెలుసు" అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, గట్టిగా అరిచి ఉండేవాణ్ని.

ఏప్రిల్ 4

లక్ష్మప్ప టీ హోటల్లో కలిశాడు. నేను అడగకుండానే చెప్పుకొచ్చాడు.

"దుమ్ములో నాకేమీ అవుపల్లేదప్పా. నువ్వు తాకిందంటివి, జెండా లేపితిని. పైన ఉండేటోనివి, నీకు బాగా అవుపడ్తాది గదా."

అవునన్నాను.

ఏప్రిల్ 5

నేను చెప్పాను. జెండా లేచింది. రెండూ ఒకేసారి జరిగినట్టే.

ఏప్రిల్ 15

ఉరుకుందు వచ్చాడు. బండి లేకుండా బస్సులో వచ్చాడు. తిట్టడానికే వచ్చాడనుకుని కవితను లోపలికి పొమ్మన్నాను. ఆమె పోలేదు.

వాడు గడప మీద కూర్చున్నాడు. మొన్న హొళగుందలో పోటీకి పోయి రెండో మెలికలోనే గీత తొక్కాడట. ఆ సంగతి నాకు ముందే తెలుసు. విన్న రోజు రెండు టీలు తాగాను.

"ఏమైంది ఉరుకుందూ?" అన్నాను.

"అద్దం సూసినా అన్నా."

"చూస్తే ఏం?"

"నేను పుట్టినంక సూల్లేదు. ఉగాది నాడు తాకలేదనింది నా వీపు. ఒట్టేసి సెప్తాండా, తాకలేదనే అనింది. ఇంగొకడు మైకులో సెప్పింటే ఆన్నే కిందికి ఈడ్సింటా. సెప్పింది నువ్వు. నువ్వు అబద్ధం సెప్పవు. అట్లయితే అబద్ధం సెప్పింది నా వీపే గదా? అప్పటి సంది దాన్ని నమ్మల్లేక అద్దం సూస్తాండా. అద్దం సూస్తే సెయ్యి తడబడ్తాది."

వాడు తిట్టి ఉంటే ఎంత బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది. వాడు నా ముఖంలోకి చూస్తూ, నేను ఏదైనా చెబుతానేమోనని కూర్చున్నాడు. ఒక్క మాట చాలు. నా నోట్లోనే ఉంది.

"అందరికీ ఒక వయసు వస్తుంది ఉరుకుందూ" అన్నాను. "ఎప్పుడూ ఒకేలా ఉండదు."

వాడు తల ఊపాడు. ఉగాది రోజు ఊపినట్టే. కవిత తెచ్చిన నీళ్ళు తాగి, "వస్తా వదినా" అని పోయాడు. ఆమె గ్లాసు తీసుకుని నన్ను చూడకుండా లోపలికి పోయింది.

ఏప్రిల్ 16

సిగ్గుగా ఉంది. సంతోషంగా కూడా ఉంది. రెండూ ఒకే కడుపులో ఎట్లా ఇముడుతున్నాయో తెలియదు.

ఏప్రిల్ 27

ఎమ్మిగనూరు రోడ్డులో వాడి బండి కనబడింది. ట్రాలీ వెనక అక్షరాలు గీకేశాడు. ఎర్రరంగు మీద ఒట్టి గీతలు. పశుగ్రాసం వేసుకుని నిదానంగా పోతున్నాడు. ఇక పోటీలకు తోలనని అందరికీ చెప్పేశాడట. "వాని నోరే వాన్ని ముంచింది" అని హోటల్లో అనుకుంటున్నారు. నోటికీ దీనికీ సంబంధం ఏమిటి? అయినా నేను సరిదిద్దలేదు.

పేరు పోయినందుకు ఒక్కటే బాధ. మంచి పేరు అది. నేను పెట్టింది.

మే 6

పాండురంగయ్య సావుకారి ఎండాకాలం పోటీ కూడా పెట్టాడు, అదే మైదానంలో. మైకు గురించి మాట్లాడాలని పిలిపించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను.

"ఈసారి మైకు ఉరుకుందుకు ఇస్తాండాము యేసేపూ. వాడు ఎట్లాగూ బండి తోలడంట. అంత నోరు ఊరికే పోతాది కదా. నువ్వు పక్కనుండి కొంచెం నేర్పించు. పెద్ద మనసు నీది."

నవ్వాను. ఏం చెయ్యాలో తెలియక నవ్వాను. వాణ్ని బండి మీది నుంచి దించితే వాడు నా మైకు ఎక్కాడు. దించింది నేనే.

మే 18

ఇప్పుడే మైదానం నుంచి వచ్చాం. కవిత రాసుకో అని దీపం నా దగ్గరకు జరిపింది. నేను రాసుకుంటానని ఆమెకు తెలుసన్నమాట.

ఉరుకుందు తెల్ల చొక్కా వేసుకుని వేదిక ఎక్కాడు. నియమాలు చెప్పడానికి వాడికి సర్పం, పథం ఏవీ అక్కరలేకపోయాయి. "ఎనక్కి పోవల్ల, గీత తొక్కకూడదు, తొక్కితే ఇంటికి పోవల్ల" అన్నాడు. జనం నవ్వారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈ మైకు నాది కాదప్పా, మా యేసేపన్నది. ఉన్నదున్నట్ల సెప్పేది ఆయప్ప కాడ నేర్సుకున్నా."

వేదిక కింద కవిత తల దించుకుంది.

మద్దికెర వాడు ఒకడు బాగా తోలుకుంటూ వచ్చి చివరి మెలికలోకి దిగాడు. దుమ్ము లేచింది. జనంలో సగం "తాకింది" అని, సగం "తాకల్లేదు" అని. లక్ష్మప్ప జెండా పట్టుకుని వేదిక వైపే చూస్తున్నాడు. అందరూ మైకు వైపు తిరిగారు. ఉరుకుందు మెడ సాచాడు. మునివేళ్ళ మీద లేచాడు. వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు.

"నాకు అవుపల్లేదప్పా" అన్నాడు. "ఈడికి ట్రాలీ పైపలకలే అవుపడ్తాండాయి, టైరు అవుపడ్డంల్యా. అవుపడంది నేను సెప్పను. లక్ష్మప్ప తాతా, నన్ను సూడద్దు, పోయి టైరు సూడు."

టైరు చూశారు. సున్నం లేదు. ఈలలు మిన్నంటాయి. కనబడలేదన్న మాటకు ఈలలు. ఇరవై ఏళ్ళలో నేను మైకులో ఎన్నడూ అనని మాట అదొక్కటే.

అప్పుడు వాడు నిలబడిపోయాడు. మెలిక వైపు చూశాడు. తన కాళ్ళ కింది వేదికను చూశాడు. ఉగాదికి వేసిన చోటే వేశారు, అదే ఎత్తు. తర్వాత నన్ను చూశాడు.

మైకు వాడి చేతిలో ఉంది. ఎదురుగా ఆదోని అంతా ఉంది. సర్పంచిని వదలనివాడు, కమిటీలను వదలనివాడు.

వాడు మైకు స్విచ్ ఆపాడు. ఆపి, నాకు మాత్రమే వినపడేటట్టు అన్నాడు.

"ఈడి నుంచి ఆ మెలిక అవుపడదు గదన్నా."

వాడి ముఖంలో కోపం కోసం వెతికాను. ముందు కోపమే ఉంది. తర్వాత అది పోయి, వాడు వెనక్కి చెయ్యి పెట్టి తన వీపును ఒకసారి తడుముకున్నాడు.

"పట్టుకో" అని మైకు నా చేతిలో పెట్టి దిగిపోయాడు. సావుకారి దగ్గరకు పోయి ఏదో అడిగాడు. సావుకారి తల ఊపాడు. ఎవరి ట్రాక్టరో అడిగి తీసుకుని గీతల దగ్గరకు తెచ్చాడు. జనం వెర్రెత్తినట్టు కేకలు వేశారు. ట్రాక్టరు అద్దాన్ని వాడు చేత్తో ఆకాశం వైపు తిప్పేశాడు.

వాణ్ని జనం ముందుకు పిలవాల్సింది నేనే. "ఇప్పుడు మన ముందుకు వస్తున్నాడు" అన్నాను. తర్వాతి మాట రాలేదు. నోటికి బ్రేకు లేనివాడని పేరు పెట్టింది నేనే, ఇప్పుడే నా ముందు బ్రేకు వేసినవాడు వాడే. "ఉరుకుందు" అని మాత్రం అన్నాను.

మొదటి మెలిక, రెండో మెలిక. ఒక చెయ్యి తొడ మీద. చివరి మెలికలో దుమ్ము లేచింది. లక్ష్మప్ప నన్ను చూశాడు. అందరూ నన్ను చూశారు. కవిత కూడా తల ఎత్తి చూసింది.

"నాకు కనబడలేదు" అన్నాను. "ఇక్కడి నుంచి కనబడదు. ఏ రోజూ కనబడదు. టైరు చూడండి."

టైరు మీద సున్నం లేదు.

ఇంటికి వస్తుంటే దారి పొడవునా కవిత ఉగ్గాని చేస్తాను, బజ్జీలు కూడా వేస్తాను అంటూ వచ్చింది. చాలా రోజుల తర్వాత నాతో మామూలుగా మాట్లాడింది. అయినా ఒక్కటి రాసుకోకుండా నిద్ర పట్టదు. అదే మాట వాడు అన్నప్పుడు పడినన్ని ఈలలు నాకు పడలేదు.